శోకం రాని కూతురు

నాకు కోపం ముక్కు మీదే ఉండేది. ఏడుపూ అక్కడికి దగ్గర్లోనే ఉండేది. పూర్ణా మార్కెట్లో పుచ్చు వంకాయలు కలిపి తూచాడని కొట్టువాడితో పోట్లాడి, ఇంటికొచ్చి మళ్లీ నేనే ఏడ్చేదాన్ని. అమ్మకి చెబితే నవ్వేది.

"నీ కళ్లెనకాల కుళాయెట్టేరేటే?" అనేది.

రెండో కాన్పయ్యాక ఆపరేషన్ చేయించుకోమని మా ఆయన్ని అడిగాను. ఆయనది ఉక్కు ఫ్యాక్టరీలో పని.

"బరువులెత్తే డ్యూటీ నాది. నానెలాగ సేయించుకుంతాను?" అన్నాడు. దాంతో గర్భం రాకుండా రోజూ మాత్ర వేసుకోవడం నా వంతైంది.

ఏడాది తిరిగేసరికి నేను మారిపోయాను. పోర్టు దగ్గర నేను పనిచేసే ఆఫీసులో మేనేజరు అందరి ముందూ కాగితాలు నా మీదకి విసిరాడు. గుండె అదరలేదు, చేతులు వణకలేదు. కాగితాలు ఏరి, వరసగా పేర్చి ఇచ్చాను. ఎంత నెమ్మదొచ్చిందో అని అందరూ మెచ్చుకున్నారు. బుద్ధిలేక నేనూ మురిసిపోయాను.

తర్వాత మా పుట్టింటి ఊరు పద్మనాభంలో అమ్మ పోయింది. మావాళ్లలో ఒక పద్ధతుంది. పరామర్శకొచ్చిన ప్రతి ఆడమనిషి మెడనూ కావిలించుకుని కూతురు శోకం పెట్టాలి. పోయినామె పడ్డ పాట్లూ, పెట్టిన తిండీ రాగం తీసి చెప్పుకోవాలి. వచ్చినవాళ్లంతా నా మెడ మీద పడి ఏడ్చారు. నేను వాళ్ల వీపు నిమిరి, ఎండన పడి వచ్చారు, నీళ్లు తాగండి అన్నాను. మధ్యాహ్నం రెండైంది. అది నా మాత్ర వేళ. సంచీలోంచి తీసి వేసుకుంటుంటే పిన్ని చూసింది.

"మీ యమ్మనింకా లేపనేదు, మాత్రేస్కుంతన్నావా? కన్నదానికి ఒక్క సుక్కైనా రాల్సవేటే?"

అందరూ విన్నారు. నాకు సిగ్గు కూడా వేయలేదు.

కర్మకాండ అయ్యాక, నాకు ఏడుపు రాకపోవడం ఈ మాత్రల వల్లేనా అని డాక్టరమ్మని అడిగాను.

"ఈ మాత్రలు వేసుకునేవాళ్లలో కొందరికి ఒత్తిడొచ్చినప్పుడు ఒళ్లు స్పందించే తీరు మారొచ్చంటారమ్మా. అందరికీ కాదు. మీ ఏడుపు అందుకే ఆగిందని మాత్రం నేను చెప్పలేను" అంది.

నేను మొదటి మాటే పట్టుకుని ఇంటికొచ్చాను. మాత్రలు మానేసి కాపర్-టీ వేయించుకున్నాను.

నాలుగు నెలలకి మేనేజరు గొంతు పెంచితే నా చేతులు వణికాయి. ఎంత సంతోషించానో! సెలవు పెట్టి, మర్నాడు పొద్దున్నే బస్సెక్కి పద్మనాభం వెళ్లాను. అమ్మ చీరలపెట్టె తెరిచి దాని ముందు కూర్చున్నాను. పక్కింటి నుంచి పిన్ని వచ్చింది. ఆమె మెడ కావిలించుకుని "అమ్మా" అన్నాను. అన్నం పెట్టమని పిలిచినట్టుంది ఆ పిలుపు. మళ్లీ అన్నాను. కళ్లు పొడిగానే ఉన్నాయి.

పిన్ని నా చేతులు మెల్లగా విడిపించుకుంది.

"పోనీయే. బస్సెల్లిపోద్ది" అంది.

ఇన్నాళ్లూ తప్పు మాత్రదే అనుకుంటూ నెట్టుకొచ్చాను. ఇప్పుడా తప్పు మోయడానికి నేనొక్కదాన్నే మిగిలాను.