చిన్న పాముకు పెద్ద ఇల్లు

జర్మనీలో, ఎర్లాంగెన్‌లోని మా ఇంటికి కొండచిలువ పిల్ల రాబోతోందని ఖాయమైన రోజున అందరికన్నా ఎక్కువగా గంతులు వేసింది మా ఏడేళ్ల అమ్మాయి కాదు, నేను. ప్రయోగశాలలో లోహపు ముక్కలను వేడిచేసి పరీక్షించడం నా ఉద్యోగం. ఒక ప్రాణి బతకబోయే వాతావరణాన్ని మొత్తంగా నా చేతులతో నిర్మించే అవకాశం అంతకుముందెన్నడూ రాలేదు.

పాములను పెంచి అమ్మే పెద్దాయన, చిన్న ఉండలా చుట్టుకున్న బాల్ పైథాన్ అనే చిన్నజాతి కొండచిలువ పిల్లను అరచేతిలో చూపిస్తూ, "మొదటి ఏడాది చిన్న ప్లాస్టిక్ పెట్టె చాలు. పెద్దదాంట్లో పెడితే బెదిరిపోయి తిండి మానేస్తుంది," అన్నాడు. ఎలా తెలుసని అడిగాను. అందరికీ తెలుసన్నాడు. అలాంటి జవాబు వింటే నా ఉత్సాహం రెట్టింపవుతుంది. పాము బెదిరేది పెట్టె పెద్దదైనందుకా, పెద్ద పెట్టెలో దాక్కునే చోటు లేనందుకా? ఆ రెండింటినీ ఎవరైనా విడదీసి చూశారా?

ఆయన నవ్వాడు. "మీరే చూడండి. నెల రోజుల్లో తినకపోతే మాత్రం తిరిగి నాకు తెచ్చివ్వాలి."

మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

పాములను ఉంచే నాలుగడుగుల చెక్క పెట్టె, టెర్రేరియం, తెచ్చాం. గాజు తొట్టెకన్నా చెక్క వేడిని బాగా నిలుపుతుందన్న పెద్దాయన మాటను మాత్రం వాదించకుండా ఒప్పుకున్నాను. ఆ లెక్క నాకు రోజూ తగిలేదే. ఒక చివర వెచ్చన, మరో చివర చల్లన. ఎక్కడుండాలో పాము ఇష్టం. అడుగున కొబ్బరి పొట్టు పరిచి, ఖాళీ కనిపించకుండా బెరడు ముక్కలూ ఆకులూ నింపాం. ఒళ్లంతా తగిలేలా పాము ఇరుక్కుని పడుకునే ఇరుకు గూళ్లు, ఒకే అచ్చులో పోసినవి, చెరో చివర ఒకటి పెట్టాం. వేడినిచ్చే దీపాన్ని అదుపుచేసే థర్మోస్టాట్ చాలదన్నట్టు, వెచ్చని గూటిలోకి నా సొంత సెన్సర్ ఒకటి దూర్చాను.

పాము వచ్చింది, నేరుగా చల్లని గూట్లోకి వెళ్లింది. అక్కడే ఉండిపోయింది. ఎలుకను ఒకసారి వద్దంది. మళ్లీ వద్దంది. నా అంకెలన్నీ ఉండవలసిన చోటే ఉన్నాయి. నెల గడువు దగ్గరపడుతుంటే మా అమ్మాయి పెట్టె ముందు నుంచి లేవడం మానేసింది.

"ఏంటే ఆ వైరు? పాముని ఐసీయూలో పెట్టినట్టు!" అన్నారు మావారు, కాఫీ కప్పుతో వంగి చూస్తూ.

"గూట్లో వేడెంతుందో తెలియాలి కదండీ."

"తెలియాల్సింది దానికి. నీకెందుకు?"

కోపమొచ్చింది. అయినా నేలమీద బోర్లా పడుకుని, కన్ను పాము ఎత్తుకు దించి చూశాను. నా వైరు మందానికి వెచ్చని గూటి అంచు ఒకవైపు లేచి ఉంది. ఆ సందులోంచి వెలుతురు లోపలికి పడుతోంది. ఒకేలా ఉన్నాయని నేను నమ్మిన రెండు గూళ్లూ ఒకటి కావు! దాన్ని కొలవాలన్న ఆత్రంలో నేనే మార్చేశాను. సిగ్గుపడవలసిన క్షణమే, కానీ ఒక కారణం చేతికి చిక్కిన సంబరంలో అది గుర్తుకే రాలేదు. సెన్సర్‌ను గూటి బయటి గోడకు అతికించాను, ఇంకేదీ కదపలేదు.

మర్నాడు పొద్దున వెచ్చని గూటి ద్వారంలో తోక కొస కనిపించింది.

"చూశావా, నేను చెప్పలా!"

"ఒక్క పాము, ఒక్క మార్పు. ఇది రుజువు కాదండీ."

"అయితే ఇంకో వంద కొందాం పద. నువ్వు వంటింట్లో పడుకుందువుగాని."

శనివారం సాయంత్రం, ఫ్రీజర్‌లోంచి తీసి, మంచు కరిగించి వెచ్చబెట్టిన ఎలుకను పొడవాటి పటకారుతో గూటి ముందు ఆడించాను. ముక్కు బయటికొచ్చింది. నాలుక ఆడింది. మెడ నెమ్మదిగా ఎస్ ఆకారంలో వంగింది. అంతే! పటకారు నా చేతిలో అదిరింది; ఎలుక చుట్టూ మెలికలు పడ్డాయి.

"సీ ఫ్రిస్ట్! మమ్మీ, తింటోంది!" అమ్మాయి నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుని, జర్మనూ తెలుగూ కలిపి గుసగుసగా అరిచింది.

పెట్టె పెద్దదైతే పాము బెదురుతుందా అన్నదానికి ఈనాటికీ నా దగ్గర సరైన జవాబు లేదు. ఆ మాట పెద్దాయనకు ఫోనులో నిజాయితీగానే చెప్పాను. ఆయన విన్నాడో లేదో తెలియదు. నా పక్కన మా అమ్మాయి, పాము మా దగ్గరే ఉంటుందని జర్మన్‌లో ఆయనకు వినిపించేలా పదేపదే కేకలు వేస్తోంది.