మృగశిర నాడు తిరగని రీలు

మృగశిర కార్తె నాడు అత్తగారింటి వంటను కాగ్నా నదిపాలు చేసిన అల్లుడు తాండూరు మొత్తానికి నేనొక్కడినే. నవ్వండి, పరవాలేదు. నా సిద్ధాంతం తప్పని మాత్రం అనకండి.

అప్పట్లో లైబ్రరీలో చేతికందిన పుస్తకమల్లా నమిలేసేవాణ్ని. అలా చేపలు పట్టే రీళ్ల మీద ఒకటి దొరికింది. రీలు గిరగిరా తిరిగేదైతే, దాన్ని తిప్పడానికే గాలం ఊపంతా ఖర్చవుతుందట. రీలును కదలకుండా బిగించి, దారాన్ని అంచు దాకా నిండుగా చుట్టి, అంచు మీదుగా జారనిస్తే గాలం చాలా దూరం పోతుందట. ఇంకేం! వడ్లాయనతో కట్టె రీలు చేయించి, అంచును అద్దంలా రుద్దించాను.

కార్తె నాడు చేప తినకపోతే ఏడాదంతా ఒంట్లో సత్తువ ఉండదని మా వైపు నమ్మకం. పొద్దున్నే అత్తమ్మ సంచి తీసింది.

"పొద్దెక్కితె బజార్ల చేప దొరకది అల్లుడా. కొనుక్కొస్త."

"సంచి ఆడ పెట్టుండ్రి అత్తమ్మా. మసాల నూరుండ్రి. చేప నా ఫికరు."

బామ్మర్ది యాదయ్య భుజాన వేసుకున్న వలను కూడా దింపించాను.

"వల ఉంటె నీ రీలు అలుగుతదా బావా?"

"అలుగుతది. శాస్త్రానికి అవమానం!"

కాగ్నాలో కొత్తనీటికి చేపలు అవతలి ఒడ్డు మడుగులో ఎగురుతున్నాయి. ఒడ్డున జనం మూగారు. ఊపిరి బిగబట్టి గాలం విసిరాను. ఏం ఎగిరిందండీ! మడుగు దాటింది, ఒడ్డు దాటింది, గట్టు మీది తుమ్మచెట్టెక్కి కూర్చుంది. దాని వెంట దారమంతా పోయింది. జారిపోవడమే దారం పనైనప్పుడు, కొసను రీలుకు ముడి వేయడమెందుకని నేను వేయలేదు. బోడిగుండులాంటి రీలు నా చేతిలో మిగిలింది.

"సూసినవా యాదయ్యా, ఎంత దూరం పోయిందో!"

"మస్తు పోయింది బావా. నువ్వొక్కనివే మిగిలినవ్."

వల తెచ్చేలోపు వరద పెరిగింది. బజారుకు పరిగెత్తితే పొలుసులూ ఈగలూ మిగిలాయి. ఇంట్లో అత్తమ్మ బెల్లంలో ఇంగువ కలిపి తలా ఒక ఉండ చేతిలో పెట్టింది. ఆ రోజున చేప తిననివాళ్లు తినేది అదే.

"గాలం ఎంత దూరం పోయింది అల్లుడా?"

"కాగ్న దాటింది అత్తమ్మా!"

"మరి చేప?"

"పుస్తకంల దూరం గురించే ఉన్నది. చేప గురించి లేదు."

అందుచేత, ఇంగువ ఘాటుకు కళ్ల నీళ్లు పెట్టుకుంటూనే ప్రతిజ్ఞ చేశాను: ముడి వేయకుండా ఈ జన్మలో గాలం విసరను. రీలును మాత్రం మార్చను. నాకంటే దూరం విసిరిన మొనగాడు ఈ తాలూకాలో ఉంటే, రమ్మనండి!