ఏది ఎక్కువ చలవ

నందిగామలో హైదరాబాదు రోడ్డు పక్కన ఆఫీసర్లు దిగే బంగళా ఒకటుండేది. ఆ బంగళాకి తోటమాలి ఇశ్రాయేలు. మనిషి పొట్టి, మాట పొడుగు. మొక్కల సంగతి ఎత్తితే చాలు, ఎదుటివాడికి బస్సు తప్పిపోయేదాకా వదిలేవాడు కాదు. ఎన్ని మొక్కలున్నా అతని ప్రాణమంతా నందివర్ధనం మీదే. బంగళా వెనక నూతి పక్కన పది పొదలు పెంచాడు. తొలకరి పడ్డాక వేలెడు లావు కొమ్మని కణుపు కింద ఏటవాలుగా కోసి, పాలు కారడం ఆగేదాకా నీడన ఉంచి, అప్పుడు నాటేవాడు. ఆ చెట్టు ఆకుల్ని తినే పచ్చపురుగు ఒకటుంది. దాని మెడ మీద కళ్ళలాగా రెండు నీలం మచ్చలుంటాయి. దాని మీద మందు చల్లేవాడు కాదు. పొద్దున్నే ఒక్కొక్కటే చేత్తో ఏరి కాకులకి వేసేవాడు.

అతని భార్య ఆరోగ్యమ్మది గోరింట పక్షం. 1953లో కాపురానికి వచ్చేటప్పుడు పుట్టిల్లు జగ్గయ్యపేట నుంచి కొంగున గోరింట విత్తనాలు ముడేసుకుని మరీ వచ్చింది. పాక గుమ్మానికి ఎడమపక్క తను గోరింట వేసింది. కుడిపక్క ఇశ్రాయేలు నందివర్ధనం కొమ్మ తెచ్చి పాతాడు. ఇక చూడండి, ఆ రోజు మొదలైన తగువు ఆ ఇంట్లో అన్నం కూరలాగా రోజూ ఉండాల్సిందే.

"నీ చెట్టుకి వారానికి రెండు తడవలు నీళ్ళు మోయాలి. నా చెట్టు నన్ను చెంబుడు నీళ్ళడగదు. కాళ్ళ కింద నీళ్ళు నిలవకుంటే అదే చాలంటది" అనేది ఆరోగ్యమ్మ.

"అడక్కపోతే ఏంటే, ఏడాదికి మూడుసార్లు కత్తిరించకపోతే ముళ్ళకంపైపోద్ది. నా చెట్టు జోలికి కత్తే పోనక్కర్లా. నీడలో పెట్టినా పన్నెండు నెలలూ పూస్తది" అనేవాడు ఇశ్రాయేలు.

"పూసి ఏం లాభం, వాసనుందా? కత్తిరించినకొద్దీ నాది లేతాకు వేస్తది. ఆ ఆకే గదా పండేది."

నిజానికి ఇద్దరి మాటా ఇద్దరికీ తెలుసు. ఆషాఢంలో పొలంపనుల ముందు వాడలో ఆడవాళ్ళంతా ఆరోగ్యమ్మ గుమ్మంలో చేరి ఆకు దూసుకుని పోయేవాళ్ళు. కాలివేళ్ళ సందుల్లో గోరింటాకు పెట్టుకుంటే బురదకి పాసిపోవు. ఇశ్రాయేలు పువ్వులకీ గిరాకీ ఉంది. పూజలకని కోమట్ల ఇళ్ళ నుంచీ, కళ్ళమంటలకని నాలుగు వాడల నుంచీ తెల్లారేసరికి వచ్చి గిన్నెలు పట్టుకుని నిలబడేవాళ్ళు. మంచునీళ్ళతో ఉన్న నందివర్ధనం కళ్ళకద్దుకుంటే చలవ అని అందరి నమ్మకం. గోరింటాకు అరికాళ్ళకి పెట్టినా, మాడున వేసినా చలవే. వేసవిలో రాళ్ళు పేలిపోయే మెట్ట ఊళ్ళు మరి. తల నొచ్చినా, కళ్ళు ఎర్రబడ్డా వేడిచేసిందనే అనుకునేవాళ్ళు. కాబట్టి మొగుడూ పెళ్ళాల తగువంతా చివరికి ఒక్కచోటే తేలాలి. రెంటిలో ఏది ఎక్కువ చలవ?

అది తేల్చుకునే వీలు 1958 మిరపకోతలప్పుడు వచ్చింది. రాకుండా ఉంటే ఎంత బాగుండేదో.

ఆ సాయంత్రం కోత నుంచి వచ్చి ఆరోగ్యమ్మ దీపం వెలిగించింది. వెలిగించి అక్కడే కూలబడింది.

"మావా, దీపం చుట్టూ రంగులు కనపడతన్నయ్. గుండ్రంగా, వానవిల్లులాగా. ఈ కన్నూ ఈ పక్క తలా పగిలిపోతన్నయ్" అంది. తర్వాత వాంతి చేసుకుంది.

మిరపఘాటు, ఎండవేడి అనుకున్నాడు ఇశ్రాయేలు. ఎవరైనా అదే అనుకుంటారు. గుప్పెడు నందివర్ధనాలు తెచ్చి కుండనీళ్ళలో నానేసి ఆమె కళ్ళ మీద పరిచాడు. దీపం ఆర్పేశాడు. ఆ చీకట్లో ఆమెకి నిద్ర పట్టింది. తెల్లారి లేచేసరికి నొప్పి లేదు. ఇశ్రాయేలు సంతోషం చూడాలి! పొయ్యిలోంచి బొగ్గుముక్క తీసి సున్నం వేసిన మట్టిగోడ మీద ఒక గీత గీశాడు.

"ఇది నా పువ్వుకి" అన్నాడు.

నెల తిరక్కుండా మళ్ళీ వచ్చింది నొప్పి. ఈసారి ఆరోగ్యమ్మ పట్టుబట్టి గోరింటాకు నూరించుకుని అరికాళ్ళకీ మాడుకీ వేయించుకుంది. తెల్లారేసరికి తగ్గింది. ఆమె లేచిన వెంటనే చేసిన పని బొగ్గు వెతుక్కోవడం. గుమ్మానికి అటుపక్క ఒక గీత గీసి, "ఇది నా ఆకుకి" అని నవ్వింది. 

అట్లా గోడకి రెండుపక్కలా గీతలు పెరిగాయి. ఒకసారి పువ్వు, ఒకసారి ఆకు. నొప్పి వచ్చిన సాయంత్రం ఈసారి వంతు ఎవరిదని వాదించుకునేవాళ్ళు. తగ్గిన తెల్లారి గీత గీసుకునేవాళ్ళు. ఈ గోలలో ఆరోగ్యమ్మ ఎడమకాలు గడపకి తన్నుకోవడం ఎక్కువైంది. గోరింట పక్కనున్న కుండ కనపడక పగలగొట్టింది కూడా. పరధ్యానం అన్నాడు ఇశ్రాయేలు.

ఆరోగ్యమ్మ చెల్లెలు రత్నమణి జగ్గయ్యపేటలో ఉండేది. అక్కని చూడ్డానికి వచ్చి గోడ మీద గీతలు చూసి ఏమిటని అడిగింది. చెప్పారు. ఆమె నవ్వలేదు.

"ఇదేం ఆట బావా? పేటకి నెలాఖరు శనివారం బెజవాడ నుంచి కళ్ళ డాక్టరు వస్తన్నాడు. ఒక్కసారి చూపించు" అంది.

"పదిసార్లొచ్చింది, పదిసార్లూ పోయింది. తగ్గే జబ్బుకి డాక్టరెందుకమ్మా?" అన్నాడు ఇశ్రాయేలు.

రత్నమణి వెళ్ళిపోయిన మూడో రోజు అన్నం పెడుతూ ఆరోగ్యమ్మ మెల్లగా అడిగింది.

"ఈ నెలాఖరుకి పేటకి పోదామా మావా? చెల్లి చెప్పింది గదా."

అతను తలెత్తలేదు. బంగళాకి పెద్ద ఆఫీసరు వస్తున్నాడు, కంచె కత్తిరించాలి, నిజమే. కానీ అసలు కారణం అది కాదు. అప్పటికి పువ్వువీ ఆకువీ గీతలు సమానంగా ఉన్నాయి. ఆ మాట ఎవరితో చెప్పుకోవాలి?

"ఇంకొక్క తడవ నా పువ్వు చూద్దామే. దానికి తగ్గకపోతే వెంటనే పోదాం" అన్నాడు.

ఆమె సరేనంది. ఆ తడవ తగ్గింది. గీత గీశాడు. పేట ప్రయాణం సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

1961 వేసవిలో వచ్చిన నొప్పి మాత్రం తెల్లారినా పోలేదు. పువ్వులు మూడుసార్లు మార్చాడు. అరికాళ్ళకి గోరింటాకు వేశాడు, మాడున వేశాడు, చివరికి రెండూ కలిపి వేశాడు. పందెం ఎటుపోయినా ఫర్వాలేదనిపించింది మొదటిసారి. మూడో రోజు పొద్దున ఆరోగ్యమ్మ, "తెల్లారలేదా మావా ఇంకా?" అని అడిగింది. ఎండ ఆమె మొహం మీదే పడుతోంది.

బస్సులో చిల్లకల్లు దాకా వెళ్ళి, అక్కడ దిగి, జగ్గయ్యపేట బండి పట్టుకున్నారు. దారి పొడుగునా ఆమె అతని చొక్కా వదల్లేదు. అది నెలాఖరు శనివారం కావడం అదృష్టం అనుకున్నాడు పాపం.

డాక్టరు టార్చిలైటు వేసి రెండు కళ్ళూ చూశాడు. "ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా వచ్చిందా?" అని అడిగాడు.

"వచ్చిందండీ. ఇరవైసార్లండీ."

"అంత ఖచ్చితంగా ఎలా చెప్తున్నావ్?"

"గోడమీద గీతలు గీశామండీ. పువ్వుకి పదకొండు, ఆకుకి తొమ్మిది" అన్నాడు ఇశ్రాయేలు. 

డాక్టరు అతన్ని వరండాలోకి పిలిచాడు. కోపం ఆపుకోడానికి కాసేపు పట్టింది ఆయనకి.

"ఈ జబ్బుని నీటికాసులంటారు. కంట్లో నీరు పొంగి లోపలి నరాన్ని నొక్కేస్తుంది. నిద్రపోతే ఒక్కోసారి దానంతటదే దిగుతుంది. నీ పువ్వు వల్లా కాదు, ఆ ఆకు వల్లా కాదు. వచ్చిన ప్రతిసారీ కొంచెం కొంచెం చూపు పట్టుకుపోయింది. ఎడమకన్ను ఎప్పుడో పోయింది, మీకు తెలియలేదు. కుడికన్ను ఈ మూడు రోజుల్లో పోయింది. ఒక్క ఏడాది ముందు తీసుకొచ్చినా చిన్న ఆపరేషన్‌తో నిలబెట్టేవాణ్ణి" అన్నాడు. నొప్పి తగ్గడానికి మందు ఇచ్చాడు. చూపుకి ఇవ్వడానికి ఆయన దగ్గర ఏమీ లేదు.

ఇశ్రాయేలు లోపలికి వచ్చాడు. బల్ల మీద ఆరోగ్యమ్మ తలుపు వైపు కాకుండా గోడ వైపు తిరిగి కూర్చుంది.

"ఏమన్నాడు మావా?"

"ముందు తెచ్చినా లాభం లేకపోయేదన్నాడు. పుట్టుకతోనే ఉందంట" అన్నాడు.

ఆమె అతని చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. "పోనీలే. నువ్వేం చేస్తావు మరి" అంది. తిట్టినా, కొట్టినా అతను తట్టుకునేవాడు. ఆ మాటని తట్టుకోలేకపోయాడు.

ఇంటికొచ్చిన మర్నాడే సున్నం కలిపి గోడకి పూశాడు. వాసన తగిలి ఆమె అడిగింది, "పండగా లేదు పబ్బమూ లేదు, సున్నమెందుకు?" అని. గోడ పెచ్చులూడుతోందన్నాడు. తర్వాత గుమ్మానికి కుడిపక్కనున్న నందివర్ధనాన్ని గునపంతో వేళ్ళతోసహా పెకిలించాడు. ఆ చప్పుడుకి ఆమె మళ్ళీ అడిగింది. పురుగు పట్టిందన్నాడు. ఒక్క అబద్ధం ఆడినవాడికి ఇక మిగతావి ఆడడం పెద్ద పనేం కాదు. బంగళా నూతి దగ్గర పది పొదలూ మాత్రం సర్కారువి. వాటికి నీళ్ళు పెట్టక తప్పలేదు. పొద్దున్నే గిన్నెలు పట్టుకుని వచ్చినవాళ్ళు పూజకి అంటే ఇచ్చేవాడు. కళ్ళకి అంటే మీద పడి అరిచేవాడు. "కళ్ళ మీద పెట్టమాకండి! పేటకి పోయి చూపించుకోండి!" అనేవాడు. భార్య కళ్ళు పోయాక ఇశ్రాయేలుకి మతి కూడా పోయిందని చెప్పుకున్నారు.

ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. గోరింట చెట్టుని కత్తిరించే దిక్కు లేక ముళ్ళు పెరిగి గుమ్మానికి అడ్డంగా వచ్చింది. ఆరోగ్యమ్మ దాని పూల వాసన పట్టుకుని ఇంటి గుమ్మం గుర్తుపట్టేది.

రెండేళ్ళ తర్వాత ఆషాఢంలో ఒక మధ్యాహ్నం ఆమె తనంతట తానే అడిగింది.

"నా చేతులకి కాస్త ఆకు పెడతావా మావా?"

పదేళ్ళ కాపురంలో ఆమె చేతులకి ఎన్నడూ గోరింటాకు పెట్టనివాడు ఆ రోజు లేతాకు ఏరి, చింతపండు వేసి, రోట్లో మెత్తగా రుబ్బాడు. ఆమె రెండు అరచేతుల్లోనూ చందమామల్లాగా పెట్టాడు, వేళ్ళకి టోపీలు పెట్టాడు. వంకరటింకరగా వచ్చాయి. ఆమె చేతులు చాపుకుని గుమ్మంలో కూర్చుంది. అతను ఆమె మొహం చూడలేక, వీపు తిప్పి, పెరిగిన గోరింట కొమ్మలు కత్తిరిస్తూ నిలబడ్డాడు. ఆమెకి వీపు తిప్పి మాట్లాడటం రెండేళ్ళుగా అతని అలవాటు.

చాలాసేపటికి ఆమె అడిగింది, "పండిందా మావా?"

"పండిందే. ఎర్రగా, మందారంలాగా పండింది" అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

ఆమె కత్తెర చప్పుడు ఆగేదాకా ఆగి, అప్పుడు అంది.

"ఇంకా కడగలేదు గదా మావా."

ఇశ్రాయేలు కత్తెర కింద పెట్టాడు.

"డాక్టరు మాట గూడా ఇట్టాగే చెప్పావా?"

ఎదుటివాళ్ళకి బస్సులు తప్పించిన మనిషికి ఒక్క మాట దొరకలేదు.  వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి, ఆమె ముందు గొంతుకూర్చుని, ఎండిన ఆకు గోకి చేతులు కడిగాడు. రెండు చేతులూ నిజంగానే పండాయి. పెళ్ళినాడు కూడా అంత ఎరుపు చూడలేదు అతను.

"ఎర్రగా పండినయ్యే. ఒట్టు" అన్నాడు.

"సరేలే మావా" అని ఆరోగ్యమ్మ చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. నమ్మలేదు.