చావాల్సిన బ్యాక్టీరియాకు గొర్రెల ఎరువు

కంచె చేను మేసిన కథలు మీరు చాలానే విని ఉంటారు. ఇది చేనే కంచెను మింగిన కథ. చేను మాది, కంచె నేను కట్టింది. నా పరువు గురించి మొహమాటపడకుండా నవ్వుకోండి.

అప్పట్లో నేను పాలమూరులో పరిశోధన చేసేదాన్ని. మట్టిలో ఉండే ఒక బ్యాక్టీరియాకు జన్యువులు మార్చి, పురుగుమందుల విషాన్ని తినేలా తయారుచేశాం. అది బయటపడి ఊళ్లమీద పడకుండా నేనొక ఉపాయం పన్నాను. తన ఒంటి చుట్టూ గోడ కట్టుకోవడానికి కావలసిన ఒక సరుకును అది సొంతంగా తయారుచేసుకోలేకుండా చేశాను. నా సీసాలోంచి ఆ సరుకు పోస్తే బతుకు, లేదంటే గోడ పగిలి చావు. ఇంటి తాళాలన్నీ కొంగున కట్టుకున్న అత్తగారిలా తిరిగేదాన్ని ల్యాబులో.

ఇక మిగిలింది ఒక్కటే. మూసిన గదిలో, నిజమైన పొలం మట్టిలో అది చస్తుందని దాన్ని బయటి పొలాల్లో వాడటానికి అనుమతిచ్చే కమిటీ పెద్దలకు చూపించాలి. చస్తే నాకు డాక్టరేటు. చావకపోతే పనంతా మళ్లీ మొదటికి.

కొత్తకోట దగ్గర మా ఊళ్లో ఉన్న నాన్నకు ఫోన్ చేశాను. అక్కడ మాకో చెల్క, అంటే ఎర్రనేల మెట్టచేను, ఉంది.

"బాపూ, మన చెల్క మట్టి రెండు సంచులు గావాలె. పెద్ద పెద్ద సార్లు చూస్తరు."

"గా ఎర్ర గరుసు మట్టినా? ఏం సూపెడ్తవే? గిదా మీ భూమి అని నవ్వరా?"

ఇక్కడ బుద్ధి ఉన్న సైంటిస్టు "ఉన్నదున్నట్టు పంపు" అనాలి. కానీ పెళ్లిచూపులకు పిల్లను ముస్తాబు చెయ్యకుండా కూర్చోబెట్టే వంశం కాదు మాది. "అయితే మల్లయ్య మామకు జెప్పి గొర్లమంద పెట్టియ్యి" అన్నాను. మా వైపు భూమికి బలం కావాలంటే మందను చేన్లో పడుకోబెడతారు. పెంటికలూ ఉచ్చా అక్కడే పడి నేల సత్తువ పట్టుకుంటుంది. మామ మనసు పెట్టి మంద పెట్టాడు. సంచుల్లో వచ్చింది మట్టి కాదు, నల్లటి హల్వా.

బ్యాక్టీరియాను అందులో కలిపి కొన్ని వారాలు ఉంచాం. మా బ్యాక్టీరియాలో బతికినవి ఉంటే చుక్కలుగా పెరిగి కంటికి కనబడేలా ఆ మట్టిని కాస్త గాజు పళ్లేల్లో వేశాం. మూత పెద్దల ముందే తీయాలని నా పట్టుదల.

తీశాను. పళ్లెం నిండా తెల్లటి చుక్కలు, జాతరకు వచ్చినట్టు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

"గివన్నీ సచ్చినయా అమ్మా?" అన్నారు కమిటీ పెద్దసారు.

"జర నీరసంగ ఉన్నయి సార్."

"నీరసమా? నాకన్న మంచిగున్నయి!"

మా గైడు మేడం నా చెవిలో బుసకొట్టారు. "మట్టిల ఏం గలిపినవ్?"

"ఏం గలపలే మేడం. గొర్లమంద పెట్టిచ్చిన, గంతే."

"మందనా! గొర్ల కడుపుల ఉండే సూక్ష్మజీవుల గోడలల్ల నీ సరుకే గదా ఉండేది! పెంటికలల్ల అదే వస్తది. జైల్ల ఏసి రోజూ బిర్యానీ పంపినట్టుంది నీ యవ్వారం!"

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అనుమతి రాలేదు. పైగా ఆ మట్టినంతా ఆవిరి యంత్రంలో ఉడికించి చంపమన్నారు. ఉడికించాను. బ్యాక్టీరియా ఒక్కటీ గది దాటలేదు గానీ, ఉడికిన గొర్రె ఎరువు వాసన మాత్రం మెట్లు దిగి క్యాంటీన్ దాకా వెళ్లింది. పెద్దసారు అన్నం ముందునుంచి లేచిపోయారు.

సాయంత్రం ఏడుస్తూ ఫోన్ చేశాను. "బాపూ, మొత్తం ఖరాబయింది. మన మట్టిల అది సావలే."

"సావాల్సింది బతికిందా? మన మట్టిలనా?"

"అవ్ బాపూ."

"సార్లందరు సూసిండ్రా?"

"అందరు చూసిండ్రు."

బాపు ఫోను పక్కన పెట్టి ఊరంతా వినబడేలా అరిచాడు. "మల్లయ్య బావా! సచ్చేదాన్ని బతికిచ్చిందంట మన చెల్క! పట్నం సార్లే నోరెళ్లబెట్టిండ్రంట!"

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మా మట్టి రెండు చోట్లా గెలిచింది. నా డాక్టరేటే ఆలస్యమైంది. అందుచేత పాలమూరు గొర్రెలన్నిటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్లీ ప్రయోగానికి మట్టి కావాల్సివస్తే పొరుగూరి చేన్లో దొంగతనమైనా చేస్తాను గానీ, మా బాపును మాత్రం అడగను.