కాలు తగిలితే కళ్లకద్దుకునే స్ట్రైకర్

కెనడాలోని హామిల్టన్‌కి విద్యార్థులు విమానాల నిండా దిగుతున్న ఏడాది హుజూరాబాద్ నర్సింహ కూడా దిగాడు. సప్లై చెయిన్ కోర్సు, కాఫీ షాపులో పార్ట్‌టైమ్, బేస్‌మెంట్‌లో అయిదుగురితో కాపురం. ఇంతవరకూ అందరి కథే. కానీ గురుకులంలో ఫుట్‌బాల్ ఆడిన కాళ్లు ఊరుకోవు కదా. వీధి చివర క్రొయేషియా వాళ్ల క్లబ్బు మైదానం కనిపించగానే వెళ్లి కంచె పట్టుకుని నిలబడ్డాడు.

అక్కడి కోచ్ స్టీపె ఆషామాషీ మనిషి కాదు. రేవులో మూటలు మోసేవాడి కొడుకు, పదిహేడేళ్లకే క్రొయేషియాలోని స్ప్లిట్ నగరం జట్టులో స్ట్రైకర్. దేశం జెర్సీ వేశాడు. జర్మనీలో ఆడాడు, ఇటలీలో ఆడాడు, రెండొందల గోల్స్ కొట్టాడు. మోకాలు మొరాయించాక కూతురి దగ్గరికి కెనడా వచ్చేశాడు. ఈ అరవయ్యో ఏట కూడా ఆయన లోపలికి వస్తే క్లబ్బులో పెద్దవాళ్లు లేచి నిలబడతారు.

అలాంటాయన నర్సింహ పరుగు చూసి, మూడు మ్యాచ్‌లు ఆడిస్తాను, ఒక్క గోలైనా కొడితే జట్టులో చోటు నీదే అన్నాడు. ఇక మనవాడు నేల మీద నడిస్తే ఒట్టు.

మొదటి మ్యాచ్‌లో గోలు ముందు ఒక్క డిఫెండరే మిగిలాడు. నర్సింహ బూటు అతని పిక్కకి తగిలింది. అంతే, చెయ్యి అడక్కుండానే కిందికి వెళ్లి అతన్ని తాకి కళ్లకద్దుకుంది. కాలు తగిలితే దండం పెట్టుకోమని చిన్నప్పుడు వాళ్లమ్మ వీపు చరిచి నేర్పిన అలవాటది. ఈలోగా బంతి మైదానం అవతలికి పోయింది. రెండో మ్యాచ్‌లోనూ ఇదే తంతు. జట్టువాళ్లు పడీపడీ నవ్వారు. స్టీపె నవ్వలేదు. గోలు ముందు స్ట్రైకర్‌కి కాళ్లే గానీ చేతులుండవని, ఇంకోసారి వంగితే ఇంటికి పొమ్మని చెప్పాడు.

రూమ్మేట్ పండు ఉపాయం చెప్పాడు. "చేతులు జేబుల వెట్టుకొని ఆడురా."

"నిక్కరుకు జేబులేడున్నయ్‌రా?" అన్నాడు నర్సింహ.

మూడో మ్యాచ్ మిస్సిసాగా జట్టుతో. నర్సింహ జెర్సీ అంచు రెండు పిడికిళ్లా బిగబట్టి పరిగెత్తాడు. చూసినవాళ్లు కడుపునొప్పేమో అనుకున్నారు. డెబ్బయ్యో నిమిషంలో బంతి దొరికింది. కొట్టాడు, వలలో పడింది. ఆ ఊపులో బూటు వెళ్లి కింద పడ్డ గోల్‌కీపర్ భుజానికి తగిలింది. జట్టంతా వచ్చి మీద పడింది. నర్సింహకి సంతోషంగానే ఉంది, కానీ ముళ్ల మీద ఉన్నట్టుంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది? అందర్నీ విదిలించుకుని వెళ్లి ఆ గోల్‌కీపర్ భుజం తాకి కళ్లకద్దుకున్నాడు.

వచ్చిన చోటు పోయిందనే అనుకున్నాడు. మ్యాచ్ కాగానే స్టీపె ఆఫీసు గదిలోకి పిలిచాడు. గోలు పడ్డాకే వంగాను సార్ అని నర్సింహ చెప్పబోతే ఆయన వినిపించుకోలేదు. తను కొట్టిన గోల్స్ అన్నిటిలో పెద్దదాని గురించి చెప్పాడు. ఆ రోజు ఆయన బూటు తగిలి అవతలి గోల్‌కీపర్ కాలు విరిగింది. ఊరు ఊరంతా స్టీపెని భుజాల మీద ఊరేగించింది. ఆ గోల్‌కీపర్ మళ్లీ ఆడలేదు.

"ముప్ఫై ఏళ్లయింది. నేను వంగలేదు," అన్నాడు స్టీపె. ఫోన్ చేతిలోకి తీసుకుని, "నువ్వు చేసేది ఫోన్‌లో చెయ్యొచ్చా?" అని అడిగాడు.

నర్సింహ ఆలోచించి, "చెయ్యొచ్చు సార్," అన్నాడు.

స్టీపె ఆ గోల్‌కీపర్ నంబరు నొక్కాడు. అటు మోగుతుండగానే, వచ్చే ఆదివారం మొదటి నిమిషం నుంచీ నువ్వే ఆడాలని నర్సింహకి చెప్పాడు. అవతల ఎవరో ఫోన్ ఎత్తారు. రెండొందల గోల్స్ కొట్టిన మనిషి ఫోన్ చెవికి ఆనించుకునే ముందుకి వంగాడు. నర్సింహ బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.