గన్నవరం విమానంతో దామోదర్ పందెం

సూర్యాపేట దామోదర్‌కు విమానమంటే పగ. అన్ని విమానాల మీదా కాదు. దుబాయికీ ముంబయికీ పోయేవాటిని పెద్దమనసుతో వదిలేశాడు. శంషాబాద్‌లో లేచి గన్నవరంలో దిగేదాన్ని మాత్రం క్షమించలేదు. మూడు వందల కిలోమీటర్లు కూడా లేని దూరానికి మనిషి గాలిలో ఎగరడమంటే తననూ, తన కారునూ, దారిలో ఉన్న సూర్యాపేటనూ కలిపి అవమానించడమేనని ఆయన అభిప్రాయం.

"గాలిల గంటనే, కాదన్ననా? ముందుగాల పోయి కూసునుడెంత? బెల్టు విప్పుడెంత, మల్ల కట్టుడెంత? బ్యాగు కోసం నిలబడుడెంత? గంతల నేను కోదాడ దాటి చాయ్ తాగుత."

మిర్యాలగూడ మిల్లులో వడ్లు దించేటప్పుడూ ఇదే లెక్క, పెళ్లి బంతిలో పప్పు వడ్డించేటప్పుడూ ఇదే లెక్క. తెలిసినవాళ్లెవరైనా ఆ విమానం ఎక్కుతున్నారంటే తనే శంషాబాద్‌లో దింపి, అక్కడినుంచి కారుతో పందెం కట్టేవాడు. ఒక్కసారీ గెలవలేదు. ఓసారి చౌటుప్పల్ దగ్గర లారీ అడ్డం తిరిగిందన్నాడు. ఓసారి గొర్రెల మంద అన్నాడు. ఇంకోసారి ఏదీ దొరక్క, కారుకు ఎదురుగాలి తగిలిందన్నాడు.

తుంగతుర్తి కొమురమ్మ వయసంతా గొర్రెల వెంట నడిచింది. ఒక్కసారి విమానం ఎక్కాలని ఆమె కోరిక. మనవరాలు ప్రశాంతి మొదటి జీతంతో ఆ విమానానికే టికెట్లు కొన్నది. అంటే పడమరకు పోయి, అక్కడ ఎగిరి, సొంత జిల్లా మీదుగానే దాటి, తూర్పున దిగి, మళ్లీ వెనక్కి రావాలి. ఇంత తిక్క ప్రయాణం గొర్రె కూడా చేయదని దామోదర్ అన్నాడు; అంటూనే కారు తీశాడు. భార్య లీలావతి కూడా ఎక్కింది.

తీరా శంషాబాద్ గేటు ముందు కొమురమ్మ కాళ్లు కదల్లేదు. "నేనెక్క బిడ్డా. అంత కొత్త మంది. నాకు బుగులైతాంది." ప్రశాంతి మొహం చిన్నబోయింది.

"మంచిదే," అన్నాడు దామోదర్. "ఎక్కకుంటే పందెం నేను గెల్సినట్టే. పోయి నీ గొర్లకు గూడ చెప్త."

కొమురమ్మ కొంగు బిగించింది. "నా గొర్లకు నేనే చెప్పుకుంట. నడువ్ పిల్లా." వెనక్కి తిరక్కుండా లోపలికి పోయింది.

గాలిలో చెవులు దిబ్బళ్లు పడ్డా ఆమెకు భయపడే తీరిక లేదు. కిటికీకి ముక్కు ఆనించి కింద దామోదర్ కారును వెతుకుతూనే ఉంది.

గన్నవరంలో దిగి బయటికొస్తే ఆయన జాడ లేదు. చాయ్ తాగారు, ఇంకో చాయ్ తాగారు. పొద్దు వాలాక కారు వచ్చింది. టోల్ గేటు దగ్గర లైను అని గొణిగి, దామోదర్ మొహం కడుక్కోను పోయాడు.

లీలావతి అద్దం దించింది. "ఏ లైను లేదు అవ్వా. విమానం లేసేదాక ఈయన శంషాబాద్ గేటు కాడ్నుంచి కదల్లే. అవ్వ బుగులుపడి మల్లొస్తే గీడ ఎవ్వలుంటరన్నడు. కొత్తగ ఎక్కేటోళ్లు ఎవ్వలున్నా గిదే కథ."

దామోదర్ మొహం తుడుచుకుంటూ వచ్చాడు. కొమురమ్మ కొంగుముడి విప్పి, విమానంలో దాచుకున్న బిస్కెట్లు ఆయన చేతిలో పెట్టింది.

"తిను పటేలా. వచ్చే నెల మా చెల్లె పిచ్చమ్మను ఎక్కిద్దాం. దానికి నా కంటె ఎక్కువ బుగులు. నువ్వు పందెం కడితెనే ఎక్కుతది."

"ఈపారి గెలుపు నాదే," అన్నాడు దామోదర్, నోటినిండా బిస్కెట్లతో.

"గెలుస్తవ్, గెలుస్తవ్," అని కొమురమ్మ లీలావతికి కన్నుగీటింది.