ఎవరి నంబరు మీద?

నాలుగేళ్లుగా నైజీరియాలో ఆడపిల్లల బడిలో ఇంగ్లిష్ చెబుతున్నాను. సెలవులకు భిలాయి వచ్చి వారమైంది. ఈ రోజు దగ్గు మందు కోసం మా సెక్టర్ డిస్పెన్సరీకి వెళ్లాను.

కౌంటర్లో శ్రీకాకుళం ఆవిడ, "ఎవుల తాలూకమ్మా? నంబరు చెప్పండి" అంది. ఇక్కడ ఉక్కు ప్లాంటులో పనిచేసే మనిషి నంబరు మీదే ఇంటిల్లిపాదికీ మందులిస్తారు. తడుముకోకుండా చెప్పాను. ఆవిడ రిజిస్టరంతా వెతికింది.

"ఆ నంబరు మీద ఎవులూ లేరు దీదీ."

అప్పుడు తెలిసింది, నేను చెప్పింది నైజీరియా బడిలో నా నంబరని. పోయిన ఏడాది మావారు నన్ను చూడటానికొచ్చి మలేరియాతో పడుకుంటే, ఆ నంబరు మీదే మందులిచ్చారు. చీటీ మీద ఆయన పేరైనా లేదు, 'టీచరుగారి భర్త' అని రాశారు.

ఒకప్పుడు నిద్రలో లేపినా చెప్పే మావారి నంబరు ఎంతకీ గుర్తుకు రాలేదు. దగ్గుకుంటూ ఇంటికొచ్చేశాను.

సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చాక ఆయన తన నంబరు చెప్పి, "మరి నీదెంత? మళ్లీ అక్కడికొస్తే నాకు కావాలి కదా" అన్నారు.

రెండూ ఒకే కాగితం మీద రాద్దామని కూర్చున్నాను. ఏది పైన రాయాలో ఇప్పటిదాకా తేలలేదు. మీరైతే ఏది పైన రాస్తారు?